చక్రాలు విప్పిన రోజు

పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, మున్సిపాలిటీ మనుషులు ఒక నిండు చూలాలి ఇంటిని తోసుకుపోయారు. అవునన్నలారా, తోసుకుపోయారు. దానికి చక్రాలున్నాయి.

ఆ చక్రాలు పెట్టింది మా బీరువా మేస్త్రి. ఇరవయ్యేళ్ళు ఇనప బీరువాలు చేసి, కార్ఖానా మూతపడగానే మాలాగే వంతెన కింద పేవ్‌మెంటు మీద పడ్డాడు. నేను సున్నాలు వేసేవాణ్ణి. ఊరి గోడలన్నీ నేను రంగులేసినవే, ఆనుకుని కూర్చుందామంటే నాదంటూ ఒక్కటీ లేదు.

"నేలలో పాతిందేదైనా ఆక్రమణే" అని ఆఫీసరు మా పరదాలన్నీ పీకించాడు. అప్పుడు మేస్త్రి పాత రేకులు, చిరిగిన ప్రకటనల గుడ్డ, తోపుడుబండ్ల చక్రాలు పోగేశాడు. ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకునే పెట్టెలు, మడిస్తే సగమయ్యేవి, ఇరవైమూడు చేశాం.

"పాతలేదు సార్, చక్రాల మీదుంది. ఆక్రమణ ఎట్లా అవుతుంది?" అని మేస్త్రి అడిగితే ఆఫీసరు జీపెక్కి వెళ్ళిపోయాడు. మేం పడీపడీ నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వారం తిరక్కుండా ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. ఆ చూలాలు కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఇద్దరు మనుషులు ఆమె పెట్టెను ఇట్టే తోసుకుపోయి లారీలోకి ఎక్కించారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే సాయంత్రం వాన పట్టుకుంది. ఒక్క మనిషి పట్టే పెట్టెలో పురుడు కుదరక, మేం ప్రకటనల గుడ్డ ఎత్తిపట్టుకుని నిలబడితే దాని కింద ఆమె ప్రసవించింది. మూడోరోజు పొద్దునకి బిడ్డ ఒళ్ళు చల్లబడిపోయింది.

బిడ్డను పూడ్చివచ్చి అందరం వంతెన కింద కూర్చున్నాం.

"నేనే చంపాను" అన్నాడు మేస్త్రి. "లాక్కెళ్ళడానికి వీలుగా చేసిచ్చింది నేనే."

"చక్రాలు పెట్టింది నువ్వే. లాగింది నువ్వా?" అని రిక్షా బాబాయి కసిరాడు.

కోర్టు దగ్గర అర్జీలు రాసే మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "పై ఆఫీసరుకి అర్జీ పెడదాం."

"ఆయన చదివేలోపు ఇంకెవరి బిడ్డ పోవాలి మాస్టారూ?" అంది ఆ తల్లి. ఆమె కంట్లో చుక్క నీరు లేదు. "నాది ఒంటిగా దొరికింది, అందుకే పోయింది. అన్నీ కలిపి బిగించన్నా."

మేస్త్రి తలెత్తాడు. "పానాకి పట్టు దొరకని నున్నటి తల ఉన్న బోల్టు బయట, నట్టు లోపల. మనం లోపలుంటే ఎవడూ విప్పలేడు."

రెండు రోజులు వానలోనే పనిచేశాం. చక్రాలన్నీ విప్పేశాం. పెట్టె పక్కన పెట్టె చేర్చి బిగించాం. ఆ తల్లిని నడిమి పెట్టెలో పడుకోబెట్టాం.

మూడోనాడు ఆఫీసరు పోలీసు వ్యానుతో వచ్చాడు. కూలీలు గడ్డపారలు పెట్టి ఎత్తితే వరస మొత్తం మూలిగింది తప్ప కదల్లేదు.

"ఎవడు చేశాడ్రా ఇది?"

మేస్త్రి ఒక్కడే బయట ఉన్నాడు, చివరి పెట్టె బిగిస్తూ. "నేనే" అన్నాడు. లాఠీలు లేచాయి.

మేం తలుపులు తోయబోయాం. "ఎవరూ రావద్దు! వస్తే లోపల దూరి విప్పేస్తారు!" అని అరిచాడు. అన్నలారా, విద్యార్థుల్లారా, మా మనిషిని మా కళ్ళముందు కొడుతుంటే మేం లోపలే కూర్చున్నాం. అంతకంటే కష్టమైన పోరాటం నేనెరగను.

మేస్త్రిని వ్యానులో పడేశారు. ఆఫీసరు "పగలగొట్టండి" అన్నాడు. నా పెట్టె ముందున్న కూలీ గడ్డపార ఎత్తాడు. సందులోంచి నన్ను చూశాడు, పక్క పెట్టెలో పాలు కారుతున్న రవికతో పడుకున్న ఆమెనూ చూశాడు.

గడ్డపార పేవ్‌మెంటు మీద పడేసి గొంతుక్కూర్చున్నాడు.

"ఎత్తరా!" అని ఆఫీసరు కేకేశాడు.

కూలీ లేవలేదు. "అన్నా, సోమవారం ఇదే ఆఫీసరు మా గుడిసెలు పీకడానికి వస్తున్నాడు" అన్నాడు గొంతు తగ్గించి. "ఎంత లావు బోల్టు కావాలి?"