షఫీ తక్కెడలో క్యాసెట్

శుక్రవారం పొద్దున కామేశ్వరరావు పాల ప్యాకెట్టు మీది తేదీని రెండుసార్లు చదువుతాడు, ఒకసారి కళ్లజోడుతో, ఒకసారి లేకుండా. తర్వాత గ్యాస్ రెగ్యులేటర్‌కి సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూస్తాడు. ఆ తర్వాతే భార్య ఉదయశ్రీ కాఫీ పెట్టాలి. గల్ఫ్‌లో, సూర్ అనే ఈ రేవు ఊళ్లో కాపురం పెట్టి పద్నాలుగేళ్లయింది. ఇంతవరకూ ఒక్క బుడగ రాలేదు. "రానంత మాత్రాన లేనట్టు కాదు" అంటాడాయన.

ఉద్యోగమూ అలాంటిదే. గ్యాస్ ప్లాంటుకి పనిచేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో మీటర్లు పరీక్షించే సూపర్‌వైజర్. మీటరు నిజం చెబుతుంటే తన సంతకంతో పచ్చ స్టిక్కరు అంటిస్తాడు, లేకపోతే ఎర్రది. ఆయన పచ్చ స్టిక్కరు అంటించాక ఇంక దానికి తిరుగు లేదు.

ఈ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. పన్నెండేళ్లప్పుడు కాకినాడలో, వేసవి సెలవులన్నీ మేనమామ కొట్లో పొట్లాలు కట్టి, ఆ డబ్బుతో ఒక వీడియో గేమ్ క్యాసెట్ కొన్నాడు. పైన రంగురంగుల్లో "9999 ఆటలు" అని ఉంది. ఇంటికొచ్చి, అప్పటి పిల్లలందరిలాగే నోటితో ఒకసారి ఊది పెట్టి చూస్తే ఉన్నవి ఆరే ఆటలు. అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మూడొందల పన్నెండో ఆట దాకా ఓపిగ్గా చూసి, ఏడ్చాడు. ఆ క్యాసెట్ ఇప్పటికీ బీరువాలో ఉంది. సాక్ష్యాన్ని ఎవరైనా పారేస్తారా?

అలాంటి మనిషికి రాజధానిలోని అజైబా నుంచి బావమరిది కార్తీక్ ఫోన్ చేశాడు. కార్తీక్ బ్యాంకు ఉద్యోగి, పాత వీడియో గేములంటే పడి చస్తాడు.

"బావగారూ, మీ సూర్‌లో ఓంకార్ అని ఒకతను పాత గేమ్ డబ్బాకి కొత్త ఆట సొంతంగా చేసి, క్యాసెట్‌లో ఎక్కించి అమ్ముతున్నాట్ట. ఇరవై రియాళ్లు. కొనొచ్చంటారా?"

"ఒక్క ఆటకా?"

"ఒక్కటే."

"చిప్పూ ప్లాస్టిక్కూ కలిపి రెండు రియాళ్లు చేస్తాయేమో. మిగతా పద్దెనిమిది దేనికిరా?"

"అదే మీరు తేల్చి చెప్పాలి."

ఓంకార్ నిర్మల్ వైపు మనిషి, ముప్పై రెండేళ్లుంటాయి. అదే ప్లాంటులో చిన్న కంపెనీ కింద ఎలక్ట్రికల్ హెల్పర్, కేబుళ్లు మోస్తాడు. శుక్రవారాలు చేపల మార్కెట్ పక్కన, షఫీ పాత సామాన్ల దుకాణంలో ఒక మూల బల్ల వేసుకుని ఈ క్యాసెట్లు తయారుచేస్తుంటాడు. కామేశ్వరరావు వెళ్లి ఒకటీ, ఆడి చూడటానికి షఫీ దగ్గర ఒక పాత గేమ్ డబ్బా కొన్నాడు, రసీదు రాయించుకుని మరీ.

ఆట పేరు 'డ్యూటీ బస్సు'. పనివాళ్ల క్యాంపులో లేచినవాడు టిఫిన్ డబ్బా పట్టుకుని, నీళ్ల ట్యాంకర్లనీ మేకలనీ ఫోర్‌మన్‌నీ తప్పించుకుని, తెల్లబస్సు కదిలేలోపు ఎక్కాలి. అంతే. కామేశ్వరరావు అరగంట ఆడదామని కూర్చుని అన్నం చల్లారబెట్టుకున్నాడు. ఆట బాగుంది. మరీ బాగుంది. అక్కడే ఆయనకి తేడా కొట్టింది. కేబుళ్లు మోసే హెల్పరు ఇంత మంచి ఆట చేయడమేమిటి? ఇంటర్నెట్‌లో ఎవరో ఊరికే పెట్టినదాన్ని ఎత్తుకొచ్చి అమ్ముతున్నాడు! ఓంకార్ ఇంజనీరై ఉంటే ఈ అనుమానం ఇంత తొందరగా వచ్చేది కాదు. ఆ మాట కామేశ్వరరావు ఒప్పుకోడు గానీ నిజం అదే.

మూడు వారాలు కళ్లల్లో వత్తులేసుకుని సాక్ష్యం కోసం ఆడాడు. ప్రతి గోడ, ప్రతి మెట్టు, ఏ మేక ఎన్ని అడుగులకి వెనక్కి తిరుగుతుందో అన్నీ రాసుకున్నాడు. అయిదో స్టేజీలో సూర్ రేవులో కట్టే చెక్క పడవ కనబడింది. "చూశావా, మనల్ని నమ్మించడానికి అతికించాడు" అన్నాడు.

"ఏవండీ, ఆడుకోడానికి కొన్నారా, పట్టుకోడానికి కొన్నారా?" అంది ఉదయశ్రీ.

చివరికి నాలుగు పేజీల ఫిర్యాదు తయారైంది. ముందు తెలుగులో చిత్తు రాసుకున్నాడు. శుక్ర, శనివారాల సెలవయ్యాక ఆదివారం ఆఫీసులో ఇంగ్లీషులోకి మార్చి ఓంకార్ కంపెనీకి పంపాలి. పంపితే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. హెల్పరు వీసా మీద వచ్చి దొంగ సరుకు అమ్ముతున్నాడంటే, వీసా రద్దు చేసి విమానం ఎక్కించేస్తారు.

"అతని పొట్ట కొడతారా?" అంది ఉదయశ్రీ.

"నాకేం కక్షా? షఫీ తక్కెడలో పెట్టించాకే పంపుతాను."

షఫీ తక్కెడ సంగతి సూర్‌లో అందరికీ తెలిసిందే. పడవలు కట్టే ఒక ముసలాయన దగ్గర పాత ఇనుముతో పాటు కొన్నాడు. గుండ్లకి గుండ్ల బరువే చూపిస్తుంది గానీ, వస్తువు పెడితే దాని వెనక పడ్డ కష్టాన్ని తూస్తుంది. హల్వా కొన్నవాళ్లు, గంటల తరబడి చేత్తో కలిపారా, మిషను తిప్పిందా అని డబ్బా తెచ్చి తూయించుకుంటారు. వలలు అల్లేవాళ్లూ దర్జీలూ కూలి దగ్గర మాటా మాటా వస్తే అక్కడికే వెళతారు. తూకానికి రెండొందల బైసలు, అంటే రియాల్‌లో అయిదో వంతు. కామేశ్వరరావుకి కూడా అందులో వింతేమీ తోచలేదు. దాని క్యాలిబ్రేషన్ మీదే అనుమానం వచ్చింది. అయిదేళ్ల కిందట తన గుండ్లు తెచ్చి, రెండు పళ్లాలూ పరీక్షించి, కాడ మీద పచ్చ స్టిక్కరు అంటించాడు. ఏటేటా వెళ్లి కొత్తది అంటిస్తాడు.

ఆ శుక్రవారం ఫిర్యాదు చొక్కా జేబులో పెట్టుకుని, రెండు క్యాసెట్లూ సంచిలో వేసుకుని వెళ్లాడు. షఫీది కరీంనగర్. "రాండ్రి రావ్ సాబ్. ఇయ్యాల ఏం తూపిస్తరు?" అన్నాడు.

మూల బల్ల దగ్గర ఓంకార్ లేచి నిలబడ్డాడు.

"నీ క్యాసెట్టే" అన్నాడు కామేశ్వరరావు. "ఈ ఆట నువ్వే చేశావా?"

"నేనే సార్. రెండున్నరేండ్లు పట్టింది. పాలిటెక్నిక్‌ల కంప్యూటర్ నేర్చిన. నౌకరి దొర్కక హెల్పర్‌గ వచ్చిన."

"నువ్వు చెబితే సరిపోదు. తేడా వచ్చిందంటే మీ కంపెనీకి రాస్తాను."

ఓంకార్ ముఖం పాలిపోయింది. "గంత పని జెయ్యకుండ్రి సార్. వీసా కట్ జేస్తరు. ఇంటికాడ అందరు నా మీదనే ఉన్నరు."

కామేశ్వరరావు ముందు తన పాత క్యాసెట్ పెట్టించాడు. మోసం ఎంత తూగుతుందో తెలియాలి కదా. అవతల యాభై గ్రాముల గుండు పెట్టగానే అది టప్పున కిందికి దిగింది, తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది ఆటలూ గాల్లోకి లేచాయి. కామేశ్వరరావుకి కళ్లు చెమర్చాయి. నువ్వు ఏడ్చింది న్యాయమేనని ముప్పై ఏళ్లకి ఒకరు ఒప్పుకున్నట్టయింది.

తర్వాత ఓంకార్ క్యాసెట్ పెట్టాడు షఫీ. పళ్లెం ధన్‌మని నేలకి తగిలింది. కిలో గుండు పెట్టాడు, రెండు కిలోలది, అయిదు కిలోలది. అది కదల్లేదు. పక్కన చేపలమ్మే అబ్దుల్‌ని కేకేసి పది కిలోల గుండు తెప్పించాడు. ఇంకో అయిదు కిలోలది తెప్పించాడు. ఇరవై మూడు కిలోల దగ్గర పళ్లెం నేల వదిలింది.

"పోయినేడు ఒక వల పద్దెన్మిది తూగింది" అన్నాడు షఫీ. "దానికంటె ఎక్వ ఇదే."

కామేశ్వరరావు పళ్లాలు మార్చి పెట్టించాడు. అంతే వచ్చింది. పళ్లెం అడుగున అయస్కాంతం ఉందేమోనని చెయ్యి పెట్టి తడిమాడు. చేపల పొలుసు తగిలింది. అన్నీ దించేయమని, స్టిక్కరు గడువు చూద్దామని కాడ మీదికి వంగాడు. ఇంకా నాలుగు నెలలుంది. కింద తన సంతకమే. అలా వంగినప్పుడు జేబులోని కాగితాలు జారి ఖాళీ పళ్లెంలో పడ్డాయి.

పళ్లెం ధన్‌మని నేలకి తగిలింది.

ముగ్గురూ దాన్నే చూశారు. అలవాటు కొద్దీ షఫీ గుండ్లు వేశాడు. ఆరు కిలోలు.

"ఏం రాసిండ్రు సార్, గంత కష్టపడి?" అన్నాడు ఓంకార్, కాగితాలు అందుకుంటూ. లాక్కోబోయి ఆగిపోయాడు కామేశ్వరరావు. లాక్కుంటే తనే దొంగలా కనిపిస్తాడు.

ఓంకార్ చదువుతున్నాడు. "మూడో స్టేజీల రెండో మేకొక్కటే వెన్కకి తిరిగి జూస్తదని రాసిండ్రు. గిది మీరు చూసిండ్రా సార్? అది మా ఇంటి మేక. నలబై మంది కొన్నరు, ఒక్కలు అడగలే." పేజీ తిప్పాడు. "ట్యాంకర్ కింద తొవ్వ... గది నేను దాచిపెట్టిన. ఎవ్వరు కనిపెట్టలే సార్."

నాలుగో పేజీ చివరికొచ్చాడు. "కావున సదరు ఓంకార్ వీసాను రద్దు చేసి..." అని పైకే చదివి ఆగిపోయాడు. కాగితాలు మడతపెట్టి రెండు చేతులతో తిరిగిచ్చేశాడు. "మీ ఇష్టం సార్."

కామేశ్వరరావుకి తల తీసేసినట్టయింది. మూడు వారాలు ఒక మనిషి పనిని అంగుళం అంగుళం చూసి, ఆ మనిషిని మాత్రం చూడలేదు. చివరి నాలుగు వరుసలు చింపాడు. చింపాక కూడా ఊరుకోలేక ఆ ముక్కని పళ్లెంలో పెట్టాడు. పళ్లెం చలించలేదు.

"ఏం లేదు సాబ్" అన్నాడు షఫీ.

చిన్నప్పుడు క్యాసెట్‌లోకి ఊదినట్టు, కామేశ్వరరావు వంగి ఒక్కసారి ఊదాడు. ముక్క ఎగిరి మార్కెట్ కాలవలో పడింది. మిగిలిన కాగితాలు ఓంకార్ చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరుంచుకో. ఎనిమిదో స్టేజీలో గోడకి ఒక తప్పుంది. రెండో పేజీలో రాశాను."

"తప్పు లేదు సార్."

"ఉందయ్యా. నేను పదకొండుసార్లు గుద్దుకున్నాను." జేబులోంచి ఇరవై రియాళ్ల నోటు తీశాడు. "ఇంకొకటివ్వు. మా బావమరిదికి."

ఓంకార్ నోటు తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఎండకి ఎత్తి చూశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, అంచుని గోటితో గీకి, అప్పుడు క్యాసెట్ ఇచ్చాడు. "ఏమనుకోకుండ్రి సార్."

"అలాగే చూసుకోవాలి" అన్నాడు కామేశ్వరరావు, నిజంగా సంతోషపడి.

ఆదివారం పొద్దున అయిదింటికి క్యాంపు ముందు తెల్లబస్సు కదిలింది. ఓంకార్ కిటికీ పక్కన కూర్చుని, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని రెండో పేజీ చదువుకుంటున్నాడు. ఎనిమిదో స్టేజీలో గోడకి నిజంగానే తప్పుంది.