చెక్క చివర పట్టుకునే మనిషి

వడ్రంగి భార్యకు షెడ్డులో అడుగుపెట్టాలంటేనే భయం. నెల రోజులుగా ఇదే వరస. రంపం ఆగి ఉన్నా సరే, బల్లమీద పైకి తేలిన ఆ పళ్లచక్రం వంక చూడకుండా గోడవారగా నడుస్తోంది.

పన్నెండేళ్లుగా ఆ బల్లకు ఇవతల ఆయన, అవతల ఆమె. ఆయన చెక్క తోస్తే, కోత దాటి వచ్చిన చివరను ఆమె అందుకునేది. బరువుకి వాలిపోకుండా పట్టుకోవడం, అంతే పని. ఆ రోజు కాస్త ఎక్కువ ఎత్తింది. చెక్క ఒక్కసారిగా వెనక్కి ఎగిరి ఆయన డొక్కలో తగిలింది. రెండు పక్కటెముకలు విరిగాయి. ఇంకొంచెం పైన తగిలుంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

అత్తగారు ఊరుకుంటుందా? "చెక్కముక్క పట్టుకోవడం కూడా చేతకాక నా కొడుకు ప్రాణం మీదికి తెచ్చింది" అని వచ్చినవాళ్లందరి దగ్గరా ఊదరగొట్టింది. ఆయన మంచంమీద గోడవైపు తిరిగి పడుకుని అంతా విన్నాడు, నోరు మెదపలేదు. పాపం, నొప్పితో మాట్లాడలేకపోతున్నాడనుకుంది ఆమె. పిచ్చి మాలోకం!

లేచి తిరగడం మొదలుపెట్టగానే ఆయన ఒక స్టాండు చేసే పని పెట్టుకున్నాడు. పాత నీళ్ల పైపు ముక్కకి రెండు చివర్లా బేరింగులు కూర్చి, చట్రంమీద బిగించి, రంపానికి అవతల నిలబెట్టాలి. చెక్క దానిమీద దొర్లుకుంటూ పోతుంది. పట్టుకునే మనిషి అక్కర్లేదు.

"ఇక నీకా బాధ లేదు" అన్నాడు, పైపు వంకే చూస్తూ.

నామీద నమ్మకం పోయింది, మర్యాదగా చెప్తున్నాడు అనుకుంది. అయినా టేపు అందించింది. పైపు బల్లకంటే వెంట్రుకవాసి కూడా ఎత్తు ఉండకూడదని ఆయన మూడుసార్లు కొలిపించాడు.

"బేరింగులెక్కడండీ?"

"ఆ మూల బీరువా కింది అరలో, బిస్కెట్ల డబ్బాలో" అనేసి, వెంటనే "ఉండుండు, నేను తెస్తా" అంటూ లేవబోయాడు. డొక్క పట్టేసి కూలబడ్డాడు.

అప్పటికే ఆమె మూత తీసింది. బేరింగుల కింద, ఆయన డొక్కకి కట్టిన కట్టుగుడ్డ ముక్కలో చుట్టిన ఉక్కు రేకు. అరచెయ్యంత ఉంది. బ్లేడు వెనకే నిలబడి, కోసిన చెక్క బ్లేడుని పట్టెయ్యకుండా, పళ్లు దాన్ని ఎగరెయ్యకుండా చూసే రేకు అది. ఆ రోజు వచ్చే చెక్కని చూస్తూ, అది అక్కడ లేదని ఆమె గమనించనేలేదు.

తెచ్చి బల్లమీద పెట్టింది. ఆయన రేకుని తనవైపు జరుపుకున్నాడు.

"ముందురోజు చెక్కలో గాడి కొట్టడానికి అడ్డమని తీశా. మళ్లీ బిగించడానికి బద్ధకించా."

"ఇది ఉండుంటే?"

"ఏమీ అయ్యేది కాదు."

"అత్తయ్య అన్నవన్నీ విన్నారుగా?"

"విన్నా. చెప్తే నా మొహం చూడవని భయమేసింది."

ఆమె ఆ కట్టుగుడ్డ మడత విప్పి చూసింది. లేవలేనని మంచం దిగని మనిషి, ఈ గుడ్డ చుట్టి దాచడానికి షెడ్డుదాకా నడిచొచ్చాడన్నమాట! ఇన్నాళ్లూ రంపాన్ని చూసి భయపడింది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తే భయమేసింది.

"అత్తయ్యని పిలుస్తా. ఇదే ఆవిడకీ చెప్పండి."

"స్టాండు అయ్యాక చెప్తాలే."

"ఇప్పుడే."

చెప్పాడు, తలొంచుకుని. అత్తగారు విని, రేకునీ కొడుకునీ చూసి, ఆయన తల నిమిరింది.

"పోనీలే నాన్నా. ప్రాణం దక్కింది, అదే పదివేలు."

కోడలివైపు చూడనైనా చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రానికి స్టాండు తయారైంది. రేకు బిగిస్తుంటే ఆయన చేతిలోంచి నట్టు రెండుసార్లు జారింది. అది గట్టిగా ఉందో లేదో ఆమె స్వయంగా కదిపి చూసింది. ఆయన రంపం ఆన్ చేసి చెక్క తోశాడు. చివర పైపుమీదికెక్కి మెత్తగా దొర్లింది. అలవాటుకొద్దీ ఆయన తలెత్తి అవతలికి చూశాడు.

ఆమె అక్కడ లేదు. ఆయన పక్కనే, రంపం స్విచ్చుమీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. కోత అయ్యాక ఆపేసి, చక్రం పూర్తిగా ఆగేదాకా చెయ్యి తియ్యలేదు. అంతసేపూ ఆమె రంపం వంక కాదు, ఆయన చేతుల వంక చూస్తూ ఉంది.