తాగని కల్లు

బెజవాడలో జయభారత్ బేకరీ రొట్టె ఎవరు తిన్నా దాని వెనక కాస్త తాటికల్లు ఉండేది. ఇందులో రహస్యమేమీ లేదు. ఆ రోజుల్లో మైదాపిండి పొంగాలంటే కల్లే పోసేవాళ్ళు. కాలిన రొట్టెలో ఆ ఛాయలేమీ మిగలవు కాబట్టి, కల్లు పేరెత్తితే చెవులు మూసుకునే పెద్దమనుషులు కూడా జ్వరమొస్తే ఆ రొట్టే పాలలో ముంచుకుని తినేవాళ్ళు.

కల్లు పనికొస్తుందో లేదో తేల్చేవాడు శౌరయ్య. నోట్లో పోసుకుని కాదు, కుండకి చెవి ఆనించి. లోపల సన్నగా చిటపటలాడితే పిండి కలిపే తొట్టిలో పోసేవాడు. చప్పుడు లేకపోతే పారబోసేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క చుక్క నాలిక మీద వేసుకున్న పాపాన పోలేదు. భార్య అమలమ్మ తండ్రి తాగి బందరు కాలవలో పడి చచ్చిపోయాడు. పెళ్ళికి ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, కల్లు ముట్టనివాడు కావాలని. శౌరయ్య ఫాదరుగారి ఎదట ఒట్టేసి మరీ తాళి కట్టాడు. పటమటలో వాళ్ళ గుడిసెకి అతను చేరేసరికి ఒంటినిండా పులుపు వాసన కొట్టేది. "రొట్టొచ్చింది" అని నవ్వేది అమలమ్మ.

బేకరీ యజమాని అంకమ్మరావుగారిది బట్టల వ్యాపారం చేసిన కుటుంబం. యుద్ధం రోజుల్లో మిలిటరీకి రొట్టెలు సరఫరా చేసి బాగా వెనకేసుకున్నాడు. అప్పుడు విక్టరీ బేకరీ అని ఉన్న బోర్డు స్వతంత్రం రాగానే జయభారత్ అయింది. మారింది బోర్డొక్కటే. ముందు గదిలో ఆయన నెత్తిన ఫ్యాను తిరిగేది. వెనక బట్టీ గదికి ఉన్న ఒక్క కిటికీకీ, ఈగలొస్తాయని, మేకులు కొట్టించాడు. పనివాళ్ళు లోపలికెళ్ళాక బయట గొళ్ళెం పెట్టించేవాడు. ఇంటికెళ్ళేటప్పుడు తుండుగుడ్డలు దులిపి చూపించాలి. మాడిపోయిన రొట్టెలు పనివాళ్ళకి కూలికింద కట్టేవాడు. ఆదివారం పూజకి వెళ్తానంటే, "దేవుడు మీ ఇంట్లో లేడా?" అనేవాడు శౌరయ్యతో.

ఇరవై రెండేళ్ళు మైదా పీల్చి పీల్చి శౌరయ్యకి దగ్గు పట్టుకుంది. దగ్గు ముందు గదిలోకి వినబడితే అంకమ్మరావుగారు బల్ల మీద బెత్తంతో కొట్టేవాడు. శౌరయ్య తుండు నోట్లో కుక్కుకుని వంగి దగ్గేవాడు. యాభై దాటాయి. దగ్గేవాణ్ణి ఊళ్ళో ఇంకే బేకరీ గడప తొక్కనివ్వదు. ఈ పని పోతే మరో పని లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, అంకమ్మరావుగారికి కాస్త ఎక్కువ తెలుసు.

అంతలో జిల్లాలో మద్యనిషేధం వచ్చింది. కల్లు దుకాణాలు మూతపడ్డాయి.

"కల్లు లేకపోయినా పర్లేదండీ" అన్నాడు శౌరయ్య. "పులిసిన పిండి ముద్ద ఒకటి దాచుకుంటే చాలండి. పూటపూటకీ గుప్పెడు మైదా, గోరువెచ్చటి నీళ్ళు పోసి బతికించుకుంటే అదే పొంగిస్తది. కాకపోతే పొద్దున కలిపితే సాయంత్రం దాకా ఆగాలండి."

"సాయంత్రం దాకా ఆగితే రెండో వాయి మీ తాత వేస్తాడా?" అన్నాడు అంకమ్మరావుగారు. మర్నాటినుంచి కల్లు పాలక్యానులో వచ్చింది. "ఎక్కడా నోరు జారొద్దు. మీ ఆడాళ్ళకి కూడా చెప్పొద్దు" అని అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు.

అమలమ్మ అడగనే అడిగింది. "మానేశామే. ముద్దపిండితోనే చేస్తన్నాం" అన్నాడు శౌరయ్య. ఇరవై రెండేళ్ళ కాపరంలో భార్యకి చెప్పిన మొదటి అబద్ధం అది, అదీ యజమాని కోసం చెప్పింది. పూర్తిగా అబద్ధమని కూడా కాదు, ఎందుకైనా మంచిదని ఒక ముద్ద మట్టిచట్టిలో మూతపెట్టి పెంచుతూనే ఉన్నాడు. సొంత బిడ్డకి పాలు పట్టినట్టు రెండు పూటలా దానికి పిండి పెట్టేవాడు.

ఆరు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున క్యానుకి చెవి ఆనించి వింటున్నాడు శౌరయ్య. గొళ్ళెం తీసిన చప్పుడైతే బట్టీ దగ్గర పనిచేసే సంజీవరావు అనుకున్నాడు. తల తిప్పితే ప్రొహిబిషన్ ఎస్సై, ఇద్దరు జవాన్లు. వాళ్ళ వెనక అంకమ్మరావుగారు, మొహంలో నెత్తురుచుక్క లేదు.

క్యాను మూత తీస్తే కల్లు గుప్పుమంది. "ఎవరిదిది?" అన్నాడు ఎస్సై.

అంకమ్మరావుగారు శౌరయ్య భుజం మీద చెయ్యివేశాడు. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి తన మీద పడటం అదే మొదలు. ఒక్క నిమిషం మాట్లాడతానని మూలకి తీసుకెళ్ళాడు.

"శౌరయ్యా, తాగడానికి తెచ్చుకున్నానను. బేకరీదంటే తలుపులకి తాళం వేస్తారు, అందరూ రోడ్డున పడతాం. వకీలుని నేను పెడతా. నువ్వు రాగానే నీ తొట్టి నీది. నీ దగ్గుకి గుంటూరు ఆసుపత్రిలో నేనే చూపిస్తా."

ఎప్పుడూ ఒరే అనే నోట శౌరయ్యా అన్న మాట విని అతని గుండె కరిగిపోయింది. అలా కరగడం తప్పేనేమో గానీ, అన్నేళ్ళు ఒరే అనిపించుకుంటే తెలుస్తుంది ఆ మాట విలువ. ఎస్సై దగ్గరికొచ్చి తల వంచుకుని "నాదేనండి, తాగటానికి" అన్నాడు. జవాన్ల వెనకే వచ్చిన సంజీవరావు బట్టీవైపు తిరిగి నిలబడ్డాడు.

జవాను రెక్క పట్టుకుని గడప దాటిస్తుంటే చట్టి గుర్తొచ్చింది. రెండు పూటలు ఎండితే ముద్ద చచ్చిపోతుంది. అంకమ్మరావుగారి బావమరిది చౌడయ్య వాకిట్లో నిలబడి ఉన్నాడు. "చౌడయ్యగారండీ, అటక కింద చట్టి ఉంది" అన్నాడు. "పొద్దున గుప్పెడు మైదా, మళ్ళీ సాయంత్రం గుప్పెడు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, వేలు కాలకూడదు. తొట్టికి సగం ముద్ద వేసి, సగం మళ్ళీ దాచండి. మర్చిపోకండి, చచ్చిపోద్ది." జవాను లాగుతున్నా ఆగి, చౌడయ్యచేత ఆ మాటలన్నీ ఓసారి తిరిగి చెప్పించుకుని మరీ కదిలాడు.

వకీలు రాలేదు. నెల రోజులు జైలు వేశారు. అమలమ్మ చూడటానికీ రాలేదు.

విడిచిపెట్టిన రోజు శౌరయ్య ఇంటికి పోకుండా నేరుగా బేకరీకే వెళ్ళాడు. పని చేతిలో పెట్టుకుని ఇంటికెళ్తే, అసలు సంగతి అమలమ్మకి చెప్పడం తేలికవుతుందనుకున్నాడు. బట్టీ గదిలో తొట్టి ముందు చౌడయ్య ఉన్నాడు. పిండి అంచు దాకా పొంగి ఉంది. శౌరయ్య వేలితో నొక్కాడు, గుంట మెల్లగా పూడుకుంది. ముద్ద బతికింది. కన్నీళ్ళొచ్చినంత పనైంది.

"నీళ్ళు ఇంకాస్త పోస్తున్నా నేను" అన్నాడు చౌడయ్య, అతని వైపు చూడకుండా.

ముందు గదిలోంచి పిలుపొచ్చింది. అంకమ్మరావుగారు లేవలేదు. "ఒరే శౌరీ, రాత్రే ఒక వాయి కలిపిపెట్టి, పోలీసుల భయం లేకుండా రెండు వాయిలూ సర్దుకున్నాంరా, నీ ముద్ద పుణ్యమా అని. కానీ నిన్నెలా పెట్టుకోను? తాగి జైలుకెళ్ళొచ్చినవాడి చేతిరొట్టె జనం కొంటారట్రా?"

"నేను తాగనని మీకు తెలుసు గదండీ."

"నాకు తెలిస్తే ఏం లాభం? నువ్వే చెప్పావు, వాళ్ళు రాసుకున్నారు." నిన్నటి రొట్టె ఒకటి కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టాడు. "వెళ్ళేటప్పుడు తుండు దులిపి వెళ్ళు."

శౌరయ్య తుండు దులిపాడు. ఎందుకు దులిపాడో అతనికే తెలీదు. అలవాటు.

కాలవగట్టు మీద నడుస్తున్నంతసేపూ చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. అమలమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. రొట్టె పక్కన పెట్టి, ఒక్క ముక్క దాచకుండా జరిగిందంతా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు దగ్గొచ్చింది. ఆవిడ ఏరడం ఆపి వింది.

"ఆర్నెల్ల కిందటే కల్లు మానేశామని నువ్వేగా చెప్పావు" అంది.

"ఆయన చెప్పొద్దన్నాడే."

"సరే. ఆయన కోసమే నువ్వు జైలుకెళ్తే మళ్ళీ పన్లోకి రమ్మని ఉండాలిగా. రమ్మన్నాడా?"

పొద్దున తొట్టి మీద వంగినప్పుడు పట్టిన పులుపు వాసన శౌరయ్య చొక్కాలోంచి వస్తూనే ఉంది. అమలమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, బియ్యం చేట తీసుకుని కాస్త ఎడంగా జరిగి కూచుంది.