నాలుగో సీసా వాన

జేసీబీ తొండం మొదటి దెబ్బకే లింగవ్వ బర్లకొట్టం సగం కూలింది. తాళ్లు తెంపుకున్న బర్లు బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తాయి. ఒక దూడ మాత్రం రేకుల కింద నుంచి లేవలేదు.

లింగవ్వ బండికి అడ్డంగా కూర్చుంది. "నా మీదికెల్లి పోనియ్యి కొడుకా! బర్లు పోయినంక నేనుండి ఏం జేసుకోవాలె?"

మున్సిపల్ ఆఫీసరు సంపత్ గొడుగు కింద కాగితం ఊపాడు. "నేనేం జెయ్యాలె అవ్వా? కాలేజీ మేడం రిపోర్టు గిట్లున్నది. ఈ గల్లీల పడే వానలనే విషముందట. పోరగాండ్ల దగ్గులకు నీ కొట్టమే కారణమట."

ఆ కాలేజీ మేడం సారిక గుంపులోనే నిలబడి ఉంది. గోదావరిఖనిలో కెమిస్ట్రీ చెబుతుంది. ఊళ్లో ఆరు మిద్దెల మీద సీసాలు పెట్టి వాన నీళ్లు పట్టింది. నాలుగో సీసా తన పుట్టింటి మిద్దె మీదిది. కింద గోడకు ఆనుకునే లింగవ్వ కొట్టం. అందులో నైట్రోజన్ మిగతా వాటికి అయిదింతలు తేలింది. అది ఎక్కడిదో చెప్పే ఐసోటోపు పరీక్ష ఫలితం ఇంకా రాకముందే, 'పక్కనే బర్లకొట్టం ఉంది' అని తొందరపడి రిపోర్టులో ఒక్క వాక్యం రాసింది. ఇప్పుడా వాక్యమే జేసీబీ అయి వచ్చింది.

ఫోను మోగింది. హైదరాబాదు ల్యాబు నుంచి మమత.

"సారికా, నాలుగో సీసా తేడాగా ఉంది. ఆకాశంలో పుట్టి వానతో దిగే నైట్రేటులో బరువైన ఆక్సిజన్ ఎక్కువ ఉంటుంది కదా. మిగతా అయిదింట్లో ఉంది. దీంట్లో చాలా తక్కువ."

"పేడదేమో?"

"పేడ ఆవిరైతే నైట్రోజన్ బాగా తేలికగా ఉండాలి. అదీ కాదు. ఇది ఫ్యాక్టరీలో చేసిన నైట్రేటు. ఎరువో, పేలుడు మందో. ఎవరో నీ సీసాలో కలిపారు."

సారిక చూపు తిన్నగా వేణుమాధవ్ మీదికి పోయింది. రెండేళ్లుగా ఈ జాగా కోసం తిరుగుతున్న ప్లాట్ల బేరగాడు. తెల్ల చొక్కాకు బురద అంటకుండా దూరంగా నిలబడి, "జల్ది కానియ్యుండ్రి సార్, మళ్ల వాన దంచుతది" అంటున్నాడు.

"పది నిమిషాలు ఆపుండ్రి సార్!" అని అరిచి ఆమె మిద్దె మెట్లెక్కింది.

సీసా మీద తను పెట్టిన గరాటు లేదు. దాని బదులు మందపాటి తెల్ల ప్లాస్టిక్ కవరు గరాటులా చుట్టి సుతిలి తాడుతో కట్టి ఉంది. విప్పి చూసింది. వెలిసిపోయిన ఎర్ర అక్షరాలు: అమ్మోనియం నైట్రేట్. అతుకు మడతల్లో ఇంకా తెల్లటి పొడి.

వెనక దగ్గు వినిపించింది. తండ్రి తీతు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో ముప్పై ఏళ్లు బ్లాస్టింగు చేసి రిటైరైనవాడు.

"గాలికి గరాటు పలిగింది బిడ్డా. నీ పని ఆగుతదని కట్టిన. కడిగే కట్టిన."

"ఈ కవరెక్కడిది బాపూ?"

"డ్యూటీల ఉన్నప్పటిది. పేలుడు మందు ఖాళీ కవర్లు అక్కడ్నే కాలబెట్టుమనేటోళ్లు. ఎవడు కాలబెడ్తడు? మడతబెట్టి టిఫిను సంచిల ఏసుకొచ్చేటోళ్లం. వానకు కట్టెల మీద కప్పెతందుకు గసొంటిది బజార్ల దొరుకుతదా?" ఆయన గొంతు తగ్గింది. "బయట చెప్పకు బిడ్డా. గా కవరు ఇంట్ల ఉన్నదంటే పోలీసు కేసయితది. చర్చిల పెద్దను. వేణుమాధవ్ మీద ఎయ్యి, అందరు నమ్ముతరు."

నమ్ముతారు. అదే ఆమెను భయపెట్టింది. తన ఒక్క మాటను నమ్మితే ఏమవుతుందో కిందనే కనిపిస్తోంది.

జేసీబీ మళ్లీ గుర్రుమంది. సారిక కవరు పట్టుకుని దిగింది.

"ఇది వానతో వచ్చింది కాదు సార్. పేడది అంతకన్నా కాదు. నా రిపోర్టు తప్పు. సీసాల బయటి పేలుడు మందు పడ్డది."

"నోటిమాటకు ఆర్డరు ఆగదు మేడం. ఎవలు చేసిండ్రో పేరు చెప్పుండ్రి, రాసుకుంట."

గల్లీ అంతా వేణుమాధవ్ వైపు తిరిగింది. అతని మొహం పాలిపోయింది. లింగవ్వ చచ్చిన దూడ తల ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. మెట్ల మధ్యలో ఆగిపోయిన తండ్రి వద్దు వద్దని తల ఊపుతున్నాడు.

"మా బాపు" అంది సారిక. ఈసారి గల్లీ చివరిదాకా వినపడేలా పేరు చెప్పింది.

"తీతు."