ట్యూబాలో లేని స్వరం

కలిదిండిలో మా చర్చి బ్యాండుకి వరదానం మాస్టారు ముప్పై ఏళ్ళు ట్యూబా అనే పెద్ద బాకా ఊదారు. ముగింపు కీర్తన ఆఖరి చరణంలో ఒక మంద్ర స్వరం ఉంది. మూడు మీటలూ నొక్కినా ట్యూబా అంత కిందికి దిగదు. అందుకని అక్కడికి రాగానే ఆయన ఊదడం ఆపి గట్టిగా దగ్గేవారు.

పోయినేడాది పళ్ళు కదలడం మొదలయ్యాక ట్యూబా నా చేతికిచ్చారు.

"అక్కడ దగ్గెయ్యి పెర్సిస్. ఇందులో ఆ స్వరం లేదమ్మా."

లేదు అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పెదాలు బాగా వదులు చేసి ఊదితే, వాయిద్యంలో లేని దొంగ స్వరం కూడా పలుకుతుందని ఫోనులో చూశాను. నాలుగు నెలలు మా రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని ఊదాను. మొదటిరోజే అమ్మ పరిగెత్తుకొచ్చి, "గేదె ఈనుతోందనుకున్నానే!" అంది.

చివరికి దొరికింది. ఆదివారం ఆఖరి చరణం రాగానే పెదాలు వదిలేశాను. నేను కూర్చున్న బల్ల అదిరేంత నిండుగా పలికింది.

సరిగ్గా అప్పుడే, పాస్టరుగారితో సహా సంఘమంతా ఒక్కసారిగా దగ్గింది. మాస్టారి దగ్గర పాట నేర్చుకున్నవాళ్ళకి అది పాటలో భాగమే. బుద్ధెరిగినప్పటి నుంచీ నేనూ అక్కడ దగ్గినదాన్నే. ఆ సంగతే మరిచిపోయాను.

కోపంగా తలెత్తి చూశాను. దగ్గనిది మాస్టారొక్కరే. ముందు వరసలో నోరు తెరుచుకుని వింటున్నారు.