బొమ్మ ఊళ్లో లేని వీధి

మునిసిపల్ హాల్లో బొమ్మ ఊరిని పెట్టిన రోజు మేయరుకు కడుపు నిండినట్టయింది. పక్కపక్కనే చేర్చిన రెండు పెద్ద బల్లల మీద, ఇంకా పుట్టని ఊరంతా అట్టతో, చెక్కతో చేసి పరిచారు. వంతెనలు, గోరంత కార్లు, ఆకుపచ్చ స్పాంజి ముక్కలతో చెట్లు. పైన ‘రాబోయే మన నగరం’ అని బోర్డు. ఒకప్పుడు సైకిలు షాపులో పంక్చర్లు వేసిన చేతులతో ఆయనే రిబ్బను కత్తిరించాడు. అభ్యంతరాలుంటే మొహమాటపడకుండా చెప్పండి అని మైకులో అన్నాడు కూడా.

అభ్యంతరాలు ఎవరూ చెప్పలేదు. వచ్చినవాళ్లంతా చేసింది ఒకటే పని. బడి ఫోటోలో తమ మొహం వెతుక్కున్నట్టు తమ ఇల్లు వెతుక్కున్నారు.

“ఇదిగో, నీళ్ల ట్యాంకు పక్కన. మాదే.”

“అది మాది. మీది దాని వెనకాల నక్కి ఉంది, వంగి చూడు.”

ఇల్లు దొరికినవాళ్లు దాన్ని ఒకసారి వేలితో తాకి, ఊరు బాగుపడుతోందని మెచ్చుకుని వెళ్లిపోయారు. వంతెనల వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. మేయరుకు కాస్త చిన్నతనమనిపించింది గానీ, పోనీలే, జనం సంతోషంగానే ఉన్నారు కదా అని సర్దుకున్నాడు.

ఆ వారంలోనే ఒక ఉదయం ఆయన అక్క వచ్చింది. బల్లల చుట్టూ తిరిగింది. కళ్లద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ తిరిగింది. తరువాత నేరుగా మేయరు గదిలోకి వచ్చి, ప్యూను నోరు తెరిచేలోపే కుర్చీ లాక్కుని కూర్చుంది.

“చిన్నోడా, మా వీధి ఏదిరా?”

“ఎక్కడికి పోతుందక్కా? సరిగ్గా చూసి ఉండవు.”

“పెళ్లయినప్పటి నుంచీ కాపురముంటున్న వీధి నాకు కనపడకుండా పోతుందా? బేకరీ ఉంది. బేకరీని ఆనుకుని బడి ఉంది. మధ్యలో మేమే లేం. మీ బావ పొద్దున్నే నడకకు వెళ్లేది ఆ గోడలో నుంచి అనుకున్నారా మీవాళ్లు?”

మేయరు నవ్వబోయాడు. అక్క నవ్వలేదు.

“ఎల్లుండి మేడ మీద గదికి స్లాబు. మేస్త్రీకి మాటిచ్చాను. ముందుగదిలో తాడు కట్టి, దుప్పటి వేలాడదీసి, దాని వెనకాల పడుకుంటున్నారు పిల్లాడూ కోడలూ. ఆ పిల్ల ఒక్క మాటంటే ఒట్టు, కానీ నాకే తల కొట్టేసినట్టుంటోంది. మీ బావా నేనూ ఇన్నేళ్లు దాచుకున్నదంతా ఆ మేడలోనే పోస్తున్నాం. ఆనక వీధే లేదంటే ఎక్కడికి పోతాం? ఒక్క మాటలో చెప్పు. పోయించనా, వద్దా?”

ఊరి భవిష్యత్తు గురించి గంటసేపు ఆగకుండా మాట్లాడగల మనిషికి ఈ ఒక్క మాట దొరకలేదు. లేచి, అక్కను వెంటబెట్టుకుని హాల్లోకి నడిచాడు. ప్లానింగు ఆఫీసరును పిలిపించాడు.

ఆఫీసరు బల్ల మీదకు వంగి చూసి, గొంతు సవరించుకున్నాడు. “సార్, బొమ్మలో లేకపోవడం వేరు, ప్లానులో లేకపోవడం వేరు.”

“అయితే ప్లానులో ఉందా?”

“ప్లాను ఇంకా ఆమోదం కాలేదు సార్. అయితే గానీ ఏది ఉన్నట్టో ఏది లేనట్టో చెప్పలేం.”

“ఆమోదించాల్సింది ఎవరు?”

“మీరే సార్.”

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. తమ్ముడు బల్ల వైపు చూశాడు.

హాలు తలుపుకు గడియ బిగిస్తున్న వడ్రంగి ఇదంతా విని దగ్గరకొచ్చాడు. బల్లలు చేసింది అతనే. “ఈ అతుకు సంగతేనా అండీ? రెండు ముక్కలుగా చేసి తెచ్చాం. ఇక్కడికొచ్చేసరికి తేమకు చెక్క ఉబ్బి, ఒకదానితో ఒకటి కలవనంటోంది. బయట బ్యాండు మొదలైపోయింది. ఏం చేస్తాం, రెండంచులూ చిత్రిక పట్టాను. వేలు పెట్టి చూడండి, అతుకు తెలుస్తోందా?”

నిజంగానే తెలియడం లేదు.

“అయితే నా ఇల్లు పొట్టులో పోయిందన్నమాట,” అంది అక్క.

“ఊడ్చి బయట పారబోశామండీ,” అన్నాడతను మర్యాదగా.

మేయరుకు ఊపిరి తిరిగొచ్చింది. “చూశావా, ఇంతేనక్కా. దీనికోసం అనవసరంగా...”

“ఇంతే కాదు సార్,” అన్నాడు ప్లానింగు ఆఫీసరు, చెప్పాలా వద్దా అన్నట్టు. “పోయిన వానలకు పల్లపు వీధులు మునిగాక వరద కాలువ తవ్వాలనుకున్నాం గదా. అది అక్కగారి వీధి మీదుగానే. మీరే అధ్యక్షత వహించారు.”

“నేను సరే అన్నానా?”

“తలూపారు సార్.”

“తలూపితే సరే అన్నట్టేనా?”

“మేమలాగే అనుకుంటాం సార్.”

“మరి కాలువ ఈ బొమ్మలో ఏదయ్యా?”

“అదీ ఆ అంచులోనే పోయింది సార్.”

మేయరు తల గోక్కున్నాడు. ఆ మీటింగు గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. మీటింగులన్నీ ఒకేలా ఉంటాయి. పల్లపు వీధుల్లో మోకాలిలోతు నీళ్లలో నిలబడి, ఇకమీదట ఇలా జరగదని మాటివ్వడం మాత్రం బాగా గుర్తుంది. ఆ మాట ఇచ్చింది తనే. కాలువ వద్దంటే వాళ్లు మునుగుతారు, కావాలంటే అక్క మునుగుతుంది. పోనీ వద్దందామంటే, కావాలని అసలు తానన్నాడో లేదో తేలడం లేదు. ఊరు పెరుగుతోందని ప్రతి సభలోనూ చెప్పాడు. ఎవరు పెంచుతున్నారని ఎవరైనా అడిగి ఉంటే, నేనే అనేవాడు. ఇప్పుడు అడిగితే ఏమంటాడో ఆయనకే అంతుపట్టలేదు.

“నాకు తెలియదక్కా,” అన్నాడు చివరికి.

అక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ తరువాత ఆమె మొహం తేటపడింది. “తెలిసీ దాస్తున్నావేమోనని హడలిపోయి వచ్చాను. నీకే తెలియదంటే ఇంకెవరికీ తెలిసి ఉండదు. పోయించేస్తాను.”

“ఆగక్కా, నేనలా అనలేదు.”

“పోనీ వద్దని అను.”

ఆయన మళ్లీ బల్ల వైపు చూశాడు. ఆమె వెళ్లిపోయింది.

స్లాబు రోజు మేయరు అక్క ఇంటికి వెళ్లాడు. ఆపడానికి వెళ్తున్నాడో చూడటానికి వెళ్తున్నాడో కారులో కూర్చున్నంతసేపూ తేల్చుకోలేకపోయాడు. దిగేసరికి కాంక్రీటు కలిపే మిషను గిర్రున తిరుగుతోంది, మనుషులు వరసకట్టి కంకర అందిస్తున్నారు. దుప్పటి మడిచి చంకన పెట్టుకున్న కోడలు ఆయన్ని చూసి నవ్వింది. ఆయనా నవ్వాడు. బావ కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. ఆయన కూర్చున్నాడు.

అంతే. మేయరుగారే దగ్గరుండి స్లాబు పోయిస్తున్నారని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు మాట పాకింది. బొమ్మలో తమ ఇల్లు దొరక్క ఇన్నాళ్లూ గుండెలు అరచేతిలో పెట్టుకున్నవాళ్లంతా మేస్త్రీల కోసం పరుగెత్తారు. బేకరీ ముందు ఇటుకలు దిగాయి. బడి పక్కన ఇసుక దిగింది. కారు తిప్పడానికి డ్రైవరుకు చోటు దొరకలేదు.

కొన్నాళ్లకు ప్లానింగు ఆఫీసరు వచ్చి నిలబడ్డాడు. “మంచి నిర్ణయం తీసుకున్నారు సార్. అన్ని మేడలు లేచాక అటువైపు తవ్వడం ఎవరి వల్లా కాదు. కాలువను వేరే దిక్కుకు తిప్పేస్తాం.”

“నేనేం నిర్ణయం తీసుకున్నానయ్యా?” అని అడిగాడు మేయరు. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే.

ఆఫీసరు అది వినయమనుకుని నవ్వాడు.

“ఎటు తిప్పుతారు?”

“ఇంకా అనుకోలేదు సార్.”

ఆ సాయంత్రం ఆయన అక్కగారింటి మేడెక్కాడు. కొత్త గోడలకు సున్నం పడింది. గదిలో కోడలు పాటేదో పాడుకుంటూ బట్టలు సర్దుకుంటోంది. బావ పిట్టగోడ దగ్గరకు తీసుకెళ్లి, “చూడు బావమరిదీ, నీ రాజ్యమంతా కనపడుతుంది,” అన్నాడు.

రాజ్యం చాలా దూరం ఉంది. ఏ వైపు చూసినా అంచు దొరకలేదు. కాలువ ఎటు పోగలదా అని ఒక్కో వీధినీ చూస్తూ పోయాడు. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి కడుతున్నారు. కాస్త ఎడంగా, ఒక డాబా మీద భార్యాభర్తలు కాబోలు, ఇటుకలు అందించుకుంటున్నారు. ఆవిడ ఏదో అంది. ఆయన పగలబడి నవ్వుతున్నాడు.

“అది ఏ వీధి బావా?”

బావ చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. “ఏమో. మొన్నటిదాకా అక్కడ వీధి ఉన్నట్టు లేదే.”

కిందనుంచి అక్క కాఫీకి కేకేసింది. మేయరు వస్తున్నానన్నాడు గానీ కదల్లేదు. ఆ ఇద్దరూ రెండో వరస మొదలుపెట్టారు. వాళ్లను ఆపమనాలో, త్వరగా కానివ్వమనాలో ఆయనకు పాలుపోలేదు.