ఒకే రోట్లో రెండు రోకళ్లు

నా అండాశయాలు మూతపడిన మర్నాటి ఉదయం, నా తుంట్ల మీది కొవ్వు మంచం దిగి నిలబడుతుంది. నేను ఇంకా పడుకునే ఉంటాను. అది కుచ్చిళ్లు సర్దుకుని, వంటింటి మూలనున్న రోకలి అందుకుని, కొట్టుగది వైపు నడుస్తుంది.

నా కడుపులోకి దారి కొట్టుగది గుండానే ఉంటుంది. ఇంటికి వచ్చేవారందరికీ ఈ సంగతి తెలుసు. కొందరు చెప్పులు కూడా అక్కడే విడుస్తారు.

"అనుమతి లేకుండా లోపలికి వెళ్లరాదు," అంటాను. మహిళా కళాశాలకు ఇరవై ఏళ్లు ప్రిన్సిపాల్‌గా పనిచేసినదాన్ని. ఈ వాక్యాన్ని రెండోసారి చెప్పవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.

కొవ్వు వెనక్కి తిరుగుతుంది. ముఖం నాదే, కాస్త నునుపు ఎక్కువ. "పద్నాలుగో ఏటి నుంచి నీ వెనకాలే కూర్చున్నాను హైమా. కూర్చోమన్నది నువ్వనుకున్నావా? ఆవిడ. ఆవిడే పోయాక నీ మాటెవరు వింటారు?"

ఆవిడ అంటే ఈస్ట్రోజెన్, అండాశయాలు చేసే హార్మోను. నిన్నటి వరకు ఈ ఒంట్లో ఎవరెక్కడ కూర్చోవాలో ఆవిడే చెప్పేది.

కొవ్వు వెంట నేనూ మెట్లు దిగుతాను. పేగు వీధికి ఇరుపక్కలా బ్యాక్టీరియా ఇళ్లు ఉంటాయి. వాటిలోని మనుషులు బొటనవేలంత ఉంటారు. కాలేయం వాడిన ఈస్ట్రోజెన్‌ను మూటగట్టి ఈ వీధిలోకి విసురుతుంది. వీరు ముడి విప్పి, మంచి సరుకును గోడ మీదుగా నెత్తురుకు తిరిగి అందిస్తారు. తరతరాలుగా వీరి వృత్తి ఇదే. నిన్నటి నుంచి మూటలు రావడం లేదు. అందరూ అరుగుల మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటారు. పని లేనివారు పారిపోవడం కూడా మరచిపోతారు.

కొవ్వు వేసిన మొదటి రోకటి పోటుకు ఒక ఇంటివారంతా పోతారు. రెండో పోటుకు ఆ వరుస అంతా పోతుంది. చప్పుడు ఎండుమిరపకాయలు దంచినట్టు ఉంటుంది. గోడ సున్నం రాలి పగుళ్లిస్తుంది. వీధిలోని కుళ్లు పగుళ్ల గుండా నెత్తుట్లోకి కారుతుంది. నెత్తురుకు నిప్పంటుకుంటుంది. నా మెడ నుంచి మాడు వరకు మంట లేస్తుంది. మెట్ల తలుపుకు నేను పట్టుకున్న ఇత్తడి గడియ మైనంలా వంగుతుంది.

నేను కత్తిపీట తెచ్చి కొవ్వును భుజం నుంచి నడుము దాకా నరుకుతాను. రెండు ముక్కలూ లేస్తాయి, ఒకదాన్నొకటి కుశలమడుగుతాయి, అతుక్కుంటాయి. అతుక్కున్నది మునుపటికంటే లావుగా ఉంటుంది. మళ్లీ నరుకుతాను. మరింత లావవుతుంది. పనిలో నాకు తొందర ఎన్నడూ లేదు.

"ఏమిటక్కా ఆ నరుకుడు, పనసకాయ దొరికినట్టు?"

నా చెల్లెలు రాజ్యం మెట్ల మీద నిలబడి ఉంది. చెప్పులు విడిచే వచ్చింది. "ఆగు. దాని పిడికిట్లో ఏముందో చూశావా?"

కొవ్వు పిడికిలి తెరుస్తుంది. చిన్న మూట. ఆవిడ వాసన వేస్తుంది.

"నాకు చేతకాదనుకున్నారా?" అంటుంది కొవ్వు. "ఆవిడంత బాగా రాదులే. నాసిరకమే. కానీ ఇప్పుడు దీన్ని చేసేదాన్ని నేనొక్కదాన్నే. నరుకు తల్లీ, నరుకు. నీకే లాభం."

మూటకు ముడి బిగిసి ఉంది. నా వేళ్లకు లొంగదు. విప్పడం తెలిసినవారిలో ఒక్క ముసలామె మిగిలింది. కూలిన అరుగు కింద నుంచి తల బయటపెట్టి చూస్తోంది. ఆమె కూడా పోతే మూట మూటగానే ఉండిపోతుంది. నేను మాడు నుంచి కిందికి కాలిపోతాను. ఇప్పటికే నా కనుబొమలు లేవు.

"ఆమెను వదిలేయ్," అంటాను.

"నాకేం పగా? దంచడం అలవాటు పడింది. చెయ్యి ఆగనంటోంది."

"ఆగనంటే ఆపొద్దు," అంటుంది రాజ్యం. "అక్కా, అమ్మా పెద్దమ్మా అటుకులు దంచడం గుర్తులేదూ? ఒకటే రోలు, రెండు రోకళ్లు. అత్తయ్యేమో మధ్యలో చెయ్యి పెట్టి ఎగదోసేది. ఎన్నడైనా ఆవిడ వేలు నలిగిందా?"

"నలగలేదు."

"ఏం?"

"లయ తప్పలేదు కనుక."

"మరింకేం? రోలు తే."

రోలు నా దగ్గరే ఉంది. కొవ్వు ఖాళీ చేసిన నా కటి ఎముకను ఊడదీసి నేల మీద పెడతాను. తగినంత లోతుగా, గుండ్రంగా ఉంటుంది. అడుగున బెజ్జం ఉంది. రాజ్యం దానికి తన అరికాలు అడ్డం పెడుతుంది. నేను మోకాళ్ల మీద నిలబడి, వంటింటి నుంచి తెచ్చిన రెండో రోకలి ఎత్తుతాను.

"రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరుస్తామా! కానివ్వండమ్మా," అని ముసలామె కుంటుకుంటూ రోట్లోకి దిగుతుంది. కొవ్వు మూట వెంట మూట చేసి రోట్లోకి జారవిడుస్తుంది.

కొవ్వు పోటు వేస్తుంది. నేను పోటు వేస్తాను. "హుం," అంటుంది రాజ్యం. పోటుకూ పోటుకూ నడుమ నువ్వుగింజంత చెయ్యి పైకి వచ్చి ఒక ముడి విప్పుతుంది. చల్లని దారం ఒకటి నా మెడ దాకా లేస్తుంది. రోటి అంచు పగిలి ఎముక పెచ్చులు ఎగురుతాయి. ఒకటి నా చెంపను కోస్తుంది. లయ తప్పదు.

"ఎంతసేపే ఇలా?"

"మాట్లాడకు, లయ పోతుంది. హుం."

ముసలామె రెండు పోట్ల సందులో నిలువునా రెండుగా విడిపోతుంది. వారి జాతి పెరిగే తీరు అదే. ఇప్పుడు ఇద్దరు ముసలమ్మలు. మరు పోటుకు నలుగురు. సందు మాత్రం అంతే. చూస్తూ ఉండగానే రోలు నిండా చేతులే. నా రోకలి దిగినప్పుడు దారి ఇస్తాయి, లేచినప్పుడు మూసుకుంటాయి. మూటలు అయిపోతాయి. చేతులు ఆగవు; రోకలి పట్టుకుని పైకి పాకుతాయి.

రోకలి మీద బిగిసిన నా వేళ్లను చేరి, అదొక ముడి అనుకుని, ఎంతో ఓపికగా చిటికెన వేలి నుంచి విప్పడం మొదలుపెడతాయి. కొవ్వు పోటు పడింది. "హుం," అంటుంది రాజ్యం. తరువాతి పోటు నాది.